అలాస్కా వెళ్తున్నారా? ఖాళీ రోజులు పెట్టుకోండి

ప్రతి ఏడాది సంక్రాంతి హడావుడి అయిపోగానే మా సియాటిల్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ మొదలవుతుంది. ఈ వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు, అలాస్కా క్రూజ్ ఏది మంచిది, బాల్కనీ రూమ్ తీసుకోవాలా, ఏ డెక్ మీద కుదుపు తక్కువ, ఏ ఓడలో ఇండియన్ ఫుడ్ బాగుంటుంది అని. జవాబులు కూడా టకటకా వచ్చేస్తాయి. కానీ వాటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు. అసలు అలాస్కాలో మీరు ఏం చూడాలనుకుంటున్నారు? హాయిగా కూర్చుని సముద్రం, మంచుకొండలు చూస్తూ పిల్లాపాపలతో ఒక వారం గడపాలనుకుంటే ఓడ ఎక్కండి, బాగుంటుంది. అలా కాకుండా "అడవి చూడాలి, జంతువుల్ని వాటి చోట చూడాలి, మనుషుల అలికిడి లేని చోట కాసేపు ఉండాలి" అనుకుంటే మాత్రం టికెట్ కొనేముందు నేను చెప్పేది కాస్త వినండి.

ఓడ చూపించేది అలాస్కా అంచుని మాత్రమే. అడవి కావాలంటే విమానంలో అక్కడి పెద్ద నగరం ఆంకరేజ్ వెళ్ళి, కారు అద్దెకి తీసుకుని, తక్కువ చోట్లకి వెళ్ళి, ఒక్కో చోట ఎక్కువ ఉండాలి. ప్లాన్‌లో ఏమీ రాయని ఖాళీ రోజులు కనీసం రెండు మూడు ఉండాలి. ఈ ఖాళీ రోజుల గురించే నా పట్టుదలంతా.

ముందు ఆ రాష్ట్రం ఎంత పెద్దదో ఒకసారి చూడండి. సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే భారతదేశంలో సగం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే 2.75 లక్షలు, అలాంటివి ఆరు పడతాయి అందులో. జనాభా చూస్తే ఏడు లక్షల చిల్లర, విజయవాడ ఊరి జనం కంటే తక్కువ. 1867లో రష్యా దీన్ని 72 లక్షల డాలర్లకి అమెరికాకి అమ్మేసింది, 1959లో రాష్ట్రం అయింది. ఇంత పెద్ద చోటుని ఒక వారంలో "కవర్" చెయ్యాలనుకోవడం దగ్గరే మన ప్లాన్లు దెబ్బతింటాయి.

సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు మామూలుగా వెళ్ళేది కెచికాన్, జూనో, స్కాగ్వే, మధ్యలో ఏదో ఒక హిమానీనదం. మ్యాపులో చూస్తే ఇవన్నీ కెనడాని ఆనుకుని కిందికి వేలాడే సన్నటి పట్టీలో ఉంటాయి. ఆ పట్టీ అందం తక్కువేమీ కాదు. టోంగాస్ అనే అడవి అక్కడే ఉంది, అమెరికాలో ఉన్న జాతీయ అటవీ ప్రాంతాల్లో అదే పెద్దది, కోటీ అరవై లక్షల ఎకరాల పైమాటే. కెచికాన్‌లో వాన ఎంత పడుతుందంటే అక్కడివాళ్ళు గొడుగు కూడా పట్టుకోరు, రబ్బరు బూట్లు వేసుకుని పనులకి వెళ్ళిపోతారు. డెక్ మీద నిలబడితే తిమింగలం నీళ్ళు చిమ్మడం కనిపిస్తుంది, ఒక్కోసారి వినిపిస్తుంది కూడా.

ఓడ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చేది గ్లేసియర్ బే. ఈ పార్కులోకి రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. పార్కు రేంజర్లు ఓడ మీదకి ఎక్కి మైకులో కథ చెప్తారు. 1794లో జార్జ్ వాంకూవర్ అనే బ్రిటిష్ కెప్టెన్ మనుషులు వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు, దాదాపు మూతి దాకా మంచే. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి పరిశీలకుడు పడవలో వచ్చేసరికి ఆ మంచు ముప్ఫై మైళ్ళకి పైగా లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మార్జరీ హిమానీనదం దాకా వెళ్ళాలంటే అరవై మైళ్ళు దాటి లోపలికి రావాలి. అంతకుముందు, పద్దెనిమిదో శతాబ్దంలో, మంచు ముందుకి తోసుకొచ్చినప్పుడు అక్కడ తరతరాలుగా ఉన్న హునా క్లింగిట్ ప్రజలు ఊళ్ళు వదిలేసి నీళ్ళ అవతలికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. 2016లో అదే తీరం మీద వాళ్ళ తెగల కోసం మళ్ళీ ఒక పెద్ద చెక్క ఇల్లు కట్టారు. ఇదంతా వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఓడ ఆ మంచుగోడ ముందు ఒక గంటో ఏమో ఆగుతుంది, అందరికీ కనపడేలా నెమ్మదిగా తిరుగుతుంది, వెనక్కి బయల్దేరిపోతుంది. ఆ గంటలో మబ్బు కమ్మితే ఇంక అంతే. రేపు మళ్ళీ వద్దాం అనడానికి లేదు, రేపు ఓడ ఇంకో ఊళ్ళో ఉండాలి.

జూనో సంగతి ఇంకోటి. ఇది అలాస్కా రాజధాని, అయినా ఏ రోడ్డూ దాన్ని బయట ప్రపంచంతో కలపదు. పడవలోనో విమానంలోనో రావాల్సిందే. ఊరి జనాభా 32 వేల లోపు. ఒక్క వేసవిలో ఓడల్లో వచ్చేవాళ్ళు 16 లక్షల పైన. ఊళ్ళోవాళ్ళు ఎంత విసిగిపోయారంటే, 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలకి మించి రాకూడదని కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. ఆ పైన 2026 నుంచి ఓడల్లో ఉండే మంచాల లెక్కన రోజుకి 16 వేలు, శనివారాలైతే 12 వేలు అని ఇంకో హద్దు పెట్టుకున్నారు. శనివారాల్లో అసలు పెద్ద ఓడలే రాకూడదని 2024లో ఓటింగ్ కూడా పెట్టారు, అది ఓడిపోయింది. ఎందుకంటే ఊళ్ళో చాలామంది బతుకుతెరువు కూడా ఆ ఓడల మీదే. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ "మనుషులు లేని చోటు" కోసం బయల్దేరినవాళ్ళు పొద్దున్నే ఐదు ఓడల జనంతో కలిసి ఒకే వీధిలో దిగి, అందరూ ఎక్కే బస్సే ఎక్కి, మెండెన్‌హాల్ హిమానీనదం ముందు లైన్లో నిలబడి ఫోటో దిగి, సాయంత్రానికల్లా పరుగున ఓడకి చేరుకుంటే, వాళ్ళు అనుకున్న పని జరిగినట్టా? స్కాగ్వే ఇంకా చిన్నది, పన్నెండు వందల మంది ఉండే ఊరు. అక్కడ ఒక్క ఓడ దిగితే ఊరి జనానికి రెండింతలు, మూడింతలు.

ఇంక మనవాళ్ళకి మాత్రమే ఉండే తలనొప్పి చెప్తాను, ఎందుకంటే దీనివల్ల చివరి నిమిషంలో టెన్షన్ పడినవాళ్ళని చాలామందిని చూశాను. 1886 నాటి చట్టం ఒకటుంది అమెరికాలో. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఏ పరాయి దేశం రేవూ తగలకుండా, తిరిగి అమెరికా రేవులో దించకూడదు. పెద్ద క్రూజ్ ఓడలన్నీ దాదాపు విదేశీ జెండాలవే. అందుకే సియాటిల్ నుంచి వెళ్ళి సియాటిల్‌కే వచ్చే ఓడ దారిలో కెనడాలోని విక్టోరియాలో సాయంత్రం పూట కొన్ని గంటలు ఆగుతుంది. ఆ కొన్ని గంటల కోసం ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి కెనడా వీసా కావాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి కావాలి, హెచ్1బీ మీద ఉన్న మీకూ కావాలి, ఓడ దిగకుండా రూములోనే పడుకుంటాం అన్నా కావాలి. గ్రీన్ కార్డ్ ఉంటే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్, కార్డ్ చాలు. వీసా లేకపోతే సియాటిల్ రేవులోనే ఆపేస్తారు, డబ్బు వెనక్కి రాదు. వీసా రావడానికి ఒక్కోసారి వారాలు, ఒక్కోసారి నెలలు. పైగా మీ అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే తిరిగి రావడం గురించి ముందే లాయర్ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

ఇక్కడే నా వాదనకి పెద్ద బలం ఉంది. సియాటిల్ నుంచి ఆంకరేజ్‌కి విమానం మూడున్నర గంటలు. దేశం లోపలి ప్రయాణమే, కెనడా ఊసే లేదు. అమ్మానాన్నల వీసా గొడవ ఒక్క దెబ్బతో తీరిపోతుంది.

ఆంకరేజ్‌లో దిగాక ఏంటి? దక్షిణానికి ఒక రోడ్డు, ఉత్తరానికి ఒక రోడ్డు, తూర్పుకి ఒక రోడ్డు. దాదాపు ఇంతే. అలాస్కాలో ఎక్కువ భాగానికి రోడ్లే లేవు, అందుకని ఎటు వెళ్ళాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. దక్షిణానికి సీవార్డ్ దాకా 127 మైళ్ళు, రెండున్నర గంటల్లో వెళ్ళిపోవచ్చు, కానీ వెళ్ళలేరు. ఒక పక్క నిలువుగా కొండలు, ఇంకో పక్క టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ, పోటు వచ్చే వేళకి నీళ్ళు గోడలా ఒక్క అలగా లోపలికి నడిచొస్తాయి, అదృష్టం ఉంటే తెల్లటి బెలూగా తిమింగలాలు. ప్రతి పది నిమిషాలకీ కారు పక్కకి ఆపాలనిపిస్తుంది. ఆపండి. మీ కోసం ఎక్కడా ఏ ఓడా హారన్ కొట్టదు.

సీవార్డ్ ఊరికి ముందు ఎగ్జిట్ గ్లేసియర్ అని ఉంది. కారు దిగి నడిచి వెళ్ళగలిగిన హిమానీనదాల్లో ఇదొకటి. దారి పొడుగునా చిన్న చిన్న బోర్డులు పాతి ఉంటాయి, వాటి మీద ఏమీ రాసి ఉండదు, ఏడాది తప్ప. ఫలానా ఏట మంచు ఇక్కడిదాకా ఉండేది అని అర్థం. కార్లో వెళ్తున్నప్పుడే పాత ఏళ్ళు మొదలవుతాయి, నడిచే దారిలో 1917, 1926 అని వస్తుంటాయి. మేము అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు నాన్న 1951 అని ఉన్న బోర్డు దగ్గర ఆగిపోయారు. ఆయన పుట్టింది ఆ ఏడే. బోర్డు చుట్టూ ఆల్డర్ చెట్లు, నేలంతా గుండ్రటి రాళ్ళు, మంచు ఎక్కడా లేదు. ఆయన తలెత్తి కొండ వైపు చూసి, "నేను పుట్టినప్పుడు ఇక్కడ ఉండేదా ఇది!" అని మళ్ళీ నడక మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పులతో రాళ్ళ మీద అడుగులో అడుగు వేసుకుంటూ 2005, 2010 బోర్డులు దాటి, మంచు కనిపించే చోటుకి చేరడానికి మాకు గంటన్నర పట్టిందో ఏమో, మిగతావాళ్ళు అరగంటలో వెళ్ళే దారే అది. ఆ గంటన్నరా తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. వాతావరణం మారడం గురించి నేను ఆయనకి ఎన్నిసార్లు ఫోన్లో చెప్పానో, అవేవీ ఆ నడకకి సరిరావు. ఓడ విహారంలో ఇలాంటి చోటుకి టూర్ బస్సు తీసుకెళ్తుంది, నిజమే, కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషిని బస్సు దగ్గరే కూర్చోమంటారు.

సీవార్డ్‌లో ఒకరోజు పడవ ఎక్కండి. కీనై ఫియోర్డ్స్ పార్కులోకి ఆరు గంటల ప్రయాణం, సముద్రంలోకి విరిగిపడే మంచుగోడలు, సీ ఆటర్లు, పఫిన్ పక్షులు, ఓడలో చూద్దామనుకున్నవి చాలావరకు ఇక్కడే కనిపిస్తాయి. పడవ చిన్నది కాబట్టి నీళ్ళకి దగ్గరగా ఉంటారు. మంచు విరగడం ముందు కనిపిస్తుంది, ఆ చప్పుడు కాస్త ఆగి వస్తుంది, ఛాతీలో తగులుతుంది. కళ్ళు తిరిగేవాళ్ళు మందు వేసుకుని ఎక్కండి, సముద్రం బాగానే ఊపుతుంది.

ఉత్తరానికి వెళ్తే డెనాలి. ఖాళీ రోజుల గురించి నేనెందుకింత పట్టుబడుతున్నానో అక్కడికి వెళ్తే అర్థమవుతుంది. శిఖరం ఎత్తు 20,310 అడుగులు, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తైనది. ఎవరెస్ట్ ఇంకా ఎత్తు కదా అంటారు, కానీ ఎవరెస్ట్ అప్పటికే ఎత్తైన పీఠభూమి మీద నిలబడి ఉంది. డెనాలి రెండు వేల అడుగుల పల్లం నుంచి ఒక్కసారిగా లేస్తుంది, అందుకే కనపడిందంటే ఆకాశంలో సగం అదే. సమస్యల్లా కనపడటమే. వేసవిలో వచ్చినవాళ్ళలో మూడోవంతు మందికే కనిపిస్తుందని పార్కువాళ్ళే చెప్తారు. అంత పెద్ద కొండ తన మబ్బుల్ని తానే తయారుచేసుకుంటుంది. మేము వెళ్ళిన రోజు మబ్బు, మర్నాడూ మబ్బే. రాత్రి పది దాటాక, అక్కడ ఆ వేళకి కూడా వెలుతురు ఉంటుంది, అమ్మ కాబిన్ బయట టీ తాగుతూ "అదేంట్రా అక్కడ మబ్బు కదలట్లేదు" అంది. అది మబ్బు కాదు. మేమందరం మబ్బుల కింద వెతుకుతున్నాం, అది మబ్బుల పైన ఉంది, అంత పైన కొండ ఉంటుందని మా ఎవరి తలకీ తట్టలేదు. లేత గులాబీ రంగులో, ఒక అంచు మెరుస్తూ. కాసేపటికి మళ్ళీ మూసుకుపోయింది. మేము మర్నాడు పొద్దున్నే బయల్దేరాల్సిన వాళ్ళమై పెందలాడే పడుకుని ఉంటే, ఈ పేరాలో "కనపడలేదు" అని రాసేదాన్ని.

పార్కు లోపలికి రోడ్డు 92 మైళ్ళు, సొంత కారుని 15వ మైలు దాకానే రానిస్తారు, తర్వాత పార్కు బస్సులే. 2021 ఆగస్టు నుంచి 43వ మైలు దగ్గర రోడ్డు మూతపడి ఉంది. అక్కడ కొండవాలు లోపల గడ్డకట్టిన నేల కరుగుతోంది, రోడ్డు రోజుకి అంగుళాల లెక్కన కిందికి జారిపోతుంటే ఇంక కంకర పోయలేక ఆపేసి, దాని మీదుగా వంతెన కట్టడం మొదలుపెట్టారు. కాబట్టి బయల్దేరే ముందు పార్కు సైటులో తాజా సంగతి చూసుకోండి. 43 మైళ్ళ దాకా వెళ్ళే బస్సు కూడా తక్కువేమీ కాదు. గ్రిజ్లీ ఎలుగులు, కారిబూలు, తెల్లటి డాల్ గొర్రెలు. ఎవరైనా ఏదైనా చూసి "ఆపండి" అని అరిస్తే డ్రైవర్ బస్సు ఆపి ఇంజన్ కూడా కట్టేస్తాడు, బస్సంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. టెంట్ వేసుకునే ధైర్యం ఉంటే 29వ మైలు దగ్గర టెక్లనికా క్యాంపు ఉంది. కారుతో అక్కడికి వెళ్ళాలంటే కనీసం మూడు రాత్రులు ఉండాలని షరతు, మధ్యలో కారు కదపకూడదు. ఈ రూలు రాసినవాళ్ళకి నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను.

ఇంక తూర్పున రాంగెల్ సెయింట్ ఎలాయస్. అమెరికాలో అన్నిటికంటే పెద్ద జాతీయ పార్కు, 53 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో దాదాపు సగం. లోపలికి వెళ్ళే మెకార్తీ రోడ్డు అరవై మైళ్ళ కంకర దారి, ఒకప్పటి రైలు కట్ట, చివర 1938లో మూసేసిన రాగి గని, దాని ఎర్ర కట్టడాలు. చాలా కార్ల కంపెనీలు అద్దె కాగితంలో ఈ రోడ్డు మీదకి వెళ్ళకూడదని రాస్తాయి. డెనాలి హైవే, ఆర్కిటిక్ దాకా వెళ్ళే డాల్టన్ హైవే కూడా ఆ లిస్టులో ఉంటాయి. వెళ్ళనిచ్చే స్థానిక కంపెనీలు కొన్ని ఉన్నాయి, వాటికి కాస్త ఎక్కువ పెట్టాలి. కాగితం చదవకుండా వెళ్తే టైరు పగిలినా అద్దం పగిలినా ఖర్చు మొత్తం మీదే.

"అయితే సియాటిల్ నుంచి మొత్తం డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోతే?" అని కుర్రాళ్ళు అడుగుతారు. ఆంకరేజ్‌కి సుమారు 2,300 మైళ్ళు. శ్రీనగర్ నుంచి ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి దాకా పోయే మన 44వ నంబరు జాతీయ రహదారి ఎంతో దాదాపు అంత, ఒక వైపుకే. మూడు వారాలు సెలవు, ఇద్దరు డ్రైవర్లు, కెనడా వీసా ఉంటే వెళ్ళండి, జీవితంలో మర్చిపోరు. ఆ అలాస్కా హైవే 1942లో వేసింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక అలాస్కాకి రోడ్డు లేకపోతే ఎలా అని భయపడి, పదివేల మందికి పైగా అమెరికా సైనికులు ఎనిమిది నెలల్లో అడవిని, బురదని నరుక్కుంటూ వేశారు. వాళ్ళలో మూడోవంతు దాకా నల్లజాతి సైనికులు. సైన్యంలో తెల్లవాళ్ళని, నల్లవాళ్ళని విడివిడిగా ఉంచిన రోజులవి. వీళ్ళకి మంచి యంత్రాలు కూడా సరిగ్గా ఇవ్వలేదు, గొడ్డళ్ళు, పారలతో పని చేశారు. ఆ అక్టోబరులో రెండు వైపుల నుంచీ వస్తున్న దళాలు బీవర్ క్రీక్ దగ్గర కలిశాయి, ఒక పక్క బుల్డోజర్ మీద నల్లజాతి కార్పొరల్, ఇంకో పక్క నుంచి తెల్లజాతి సైనికుడు. చేతులు కలుపుతున్న వాళ్ళిద్దరి ఫోటో ఇప్పటికీ ఉంది. ఆ రోడ్డు మీద ఏసీ వేసుకుని పాటలు వింటూ వెళ్ళేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని వెళ్ళాలని నా కోరిక.

ఓడ, రోడ్డు కాకుండా మూడో దారి ఒకటుంది, మన గ్రూపుల్లో ఎవరూ చెప్పనిది. అలాస్కా మెరైన్ హైవే, అంటే ఆ రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఫెర్రీలు, 1963 నుంచి నడుస్తున్నాయి. సియాటిల్‌కి గంటన్నర దూరంలో ఉన్న బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే కెచికాన్‌లో దిగుతారు, మధ్యలో కెనడాలో ఎక్కడా ఆగదు. కాసినో లేదు, షో లేదు. ఉద్యోగాలకీ పెళ్ళిళ్ళకీ ఆస్పత్రులకీ వెళ్ళే అలాస్కా జనం పక్కన కూర్చుంటారు, కుర్రాళ్ళు డెక్ మీద టేపుతో టెంట్లు అంటించుకుని పడుకుంటారు. రూములు ఉంటాయి కానీ త్వరగా అయిపోతాయి. పెద్ద క్రూజ్ ఓడలు చాలావరకు సియాటిల్ నుంచి వాంకూవర్ ద్వీపానికి బయటి వైపున, తెరిచిన సముద్రంలో వెళ్తాయి. ఫెర్రీ లోపలి వైపున, ద్వీపాల మధ్య నుంచి వెళ్తుంది, రెండు పక్కలా అడవి దగ్గరగా కనిపిస్తూ ఉంటుంది. పాత పడవలు కాబట్టి టైమ్‌టేబుల్ మారుతూ ఉంటుంది, పెద్దవాళ్ళతో అయితే నేను సలహా ఇవ్వను. భార్యాభర్తలిద్దరే అయితే తప్పకుండా చూడండి. ఒకటి గుర్తుంచుకోండి, ఆ పట్టీలో హెయిన్స్‌లోనో స్కాగ్వేలోనో దిగి కార్లో ఆంకరేజ్ వెళ్ళాలంటే మళ్ళీ కెనడా మీదుగానే దారి.

పెద్దవాళ్ళకి రోడ్డు కష్టం కదా అనేవాళ్ళున్నారు. వీల్‌చైర్ ఉన్నా, గుండె జబ్బు ఉన్నా, ఆస్పత్రికి దగ్గర్లో ఉండక తప్పకపోయినా ఓడే మంచిది, ఓడలో డాక్టర్ ఉంటారు, అందులో నాకు రెండో మాట లేదు. మామూలు బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులైతే కారే సుఖం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపొచ్చు, బాగోలేకపోతే ఆ రోజు కదలకుండా ఉండిపోవచ్చు. మా అమ్మకి అన్నిటికంటే టెన్షన్ బాత్రూముల దగ్గర. రోడ్డు పక్కన ఉండేవి నీళ్ళు లేని గుంట మరుగుదొడ్లు, శుభ్రంగానే ఉంటాయి కానీ కుళాయి ఉండదు. కార్లో నీళ్ళ బాటిళ్ళు, ఒక మగ్గు పడేసుకోండి, అక్కడితో ఆ సమస్య తీరిపోతుంది. పెట్రోలు సగానికి రాగానే నింపండి, మ్యాపులు ఫోన్లో ముందే దింపుకోండి, సిగ్నల్ గంటల తరబడి ఉండదు.

తిండికి వంటగది ఉన్న కాబిన్లు చూసుకోండి. చిన్న రైస్ కుక్కర్, పప్పు, చింతపండు పులుసు ముద్ద ఇంటి నుంచి తెచ్చుకుంటే బియ్యం, పెరుగు, కూరగాయలు ఆంకరేజ్‌లో దొరుకుతాయి. కానీ ఈ ఒక్క విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. ఆవకాయ సీసా, పులిహోర డబ్బా టెంట్‌లో పెట్టుకుని పడుకోకూడదు, పిక్నిక్ బల్ల మీద వదిలేసి ఫోటోలకి వెళ్ళకూడదు. ఎలుగు వాసనని ఎంతో దూరం నుంచి పట్టేస్తుంది. మనిషి తిండి ఒకసారి రుచి చూసిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి దాన్ని కాల్చేస్తారు. మన నిర్లక్ష్యానికి అది చావకూడదు. క్యాంపుల్లో ఇనప పెట్టెలు ఉంటాయి, అందులో పెట్టండి. ఎలుగు మీద కొట్టే స్ప్రే విమానంలో తీసుకెళ్ళనివ్వరు, హ్యాండ్ బ్యాగులోనే కాదు, చెకిన్‌లో కూడా. అక్కడే కొనుక్కుని వచ్చేటప్పుడు కాబిన్ వాళ్ళకి ఇచ్చేసి రండి. మూస్ అనే పెద్ద జింకని చూసి ఆవులాంటిదే కదా అని దగ్గరికి వెళ్ళకండి, పిల్ల పక్కన ఉన్న మూస్ తల్లి మీదకి వచ్చేస్తుంది.

ఖర్చు విషయానికొస్తే, ఓడ టికెట్ ధర చూసి రోడ్డు ఖరీదు అనేస్తారు. ఓడ టికెట్ మీద టిప్పులు, పన్నులు, ప్రతి ఊళ్ళో మనిషికింత అని టూర్లు కలిపి చూడండి, నలుగురి కుటుంబానికి హెలికాప్టర్ టూరు ఒక్కటి చేర్చి చూడండి. రోడ్డు మీద కారు, కాబిన్ నలుగురికీ కలిపి ఒకటే. అయితే జూలైలో అక్కడ అద్దె కార్ల ధరలు మండిపోతాయి, జనవరి ఫిబ్రవరిలోనే బుక్ చేసి పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, అందరూ జూన్ ఇరవై ఒకటి అంటారు, డెనాలికి ఉత్తరాన ఉండే ఫెయిర్‌బాంక్స్‌లో ఆ రోజు ఇరవై ఒకటిన్నర గంటలకి పైగా సూర్యుడు ఉంటాడని. నిజమే, కానీ దోమలు కూడా అప్పుడే. నేనైతే ఆగస్టు చివరి పది రోజులు అంటాను. డెనాలి మైదానాలు ఎర్రగా, పసుపుగా మారతాయి, బ్లూబెర్రీలు పండి ఉంటాయి, దోమలు తగ్గిపోతాయి, రాత్రి మళ్ళీ చీకటి పడుతుంది కాబట్టి ఫెయిర్‌బాంక్స్ వైపు అరోరా, అంటే ఆకాశంలో కదిలే రంగుల వెలుగు, కనిపించే అవకాశం కూడా ఉంటుంది. వాన ఎక్కువ, అది ఒప్పుకోవాలి. టెక్సస్ వైపు బళ్ళు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు కాబట్టి డల్లాస్, హ్యూస్టన్ వాళ్ళకి కుదరదు, మీరు జూన్ మొదట్లో రండి, కొండల మీద మంచు ఇంకా ఉంటుంది, దోమలు అప్పుడే మొదలవుతుంటాయి. మా వాషింగ్టన్‌లో బళ్ళు చాలావరకు సెప్టెంబరులో లేబర్ డే అటూ ఇటూగా తెరుస్తారు, మనకి ఆగస్టు చివర సరిగ్గా సరిపోతుంది. పదిరోజుల సెలవుంటే సీవార్డ్‌కి మూడు, డెనాలికి నాలుగు, రానూపోనూ రెండు, మిగిలిన ఒక్కటీ దేనికీ రాయకండి. డెనాలి నాలుగులో కూడా బస్సుకి ఒక్కటే బుక్ చేసి మిగతావి వదిలేయండి. ఫెయిర్‌బాంక్స్, హోమర్, వాల్డెజ్ కూడా చూసేద్దాం అని ఇంట్లో ఎవరైనా లిస్టు పెంచుతుంటే, ఆ ఒక్కరితో ముందే కూర్చుని మాట్లాడండి.